పాత జీపు ముందు చక్రాల బేరింగులు: విప్పడం, వెయ్యడం, ప్లే (సన్నటి వదులు) సరిచెయ్యడం

మారేడుమిల్లి ఘాట్ దిగి కింద టీ కొట్టు దగ్గర ఆపితే కాలిన గ్రీజు వాసన వచ్చింది. బ్రేకులు వేడెక్కాయేమో అనుకున్నాను. కుడి ముందు చక్రం హబ్ క్యాప్ మీద రెండు చుక్కల నీళ్ళు వేస్తే చుర్రుమని ఆవిరైపోయాయి. ఎడమ పక్కన మాత్రం చెయ్యి పెట్టగలిగేంత వేడే ఉంది. కుడి చక్రానికి ముందురోజే కొత్త బేరింగులు వేసింది నేనే. గట్టిగా ఉంటే మంచిదే కదా అని నట్టును ఇంకో పావు చుట్టు బిగించిందీ నేనే. కొత్త బేరింగులు, కొత్త గ్రీజు, 80 కిలోమీటర్లకే పాడు.

ఆ పావు చుట్టు గురించే ఈ వ్యాసం. మిగతా పనంతా ఓపిక ఉన్న ఎవరైనా చెయ్యగలరు.

నేను చెప్పేది అమెరికా కంపెనీ విల్లీస్ వాళ్ళ సీజే-3బీ నమూనాలో మహీంద్రా వాళ్ళు మన దేశంలో దశాబ్దాల పాటు తయారుచేసిన పాత జీపు గురించి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, ముందు ఇరుసుకు కూడా ఇంజను శక్తి అందే ఏర్పాటు ఉన్న బండి. తర్వాత వచ్చిన డిస్క్ బ్రేకుల మోడళ్ళలో భాగాలు, కొలతలు మారతాయి కానీ సూత్రం ఇదే. ఒక్క హెచ్చరిక: కొన్ని పాత కార్ల ముందు హబ్బుల్లో గుండ్లున్న బాల్ బేరింగులు, వాటి మధ్య ఒక గొట్టం లాంటి స్పేసరు ఉంటాయి. వాటిలో నట్టు పూర్తిగా బిగించాల్సిందే. ఇక్కడ చెప్పినట్టు వెనక్కి వదలకూడదు. మీది ఏ రకమో విప్పి చూశాకే మొదలుపెట్టండి.

హబ్బులో ఏముంటుంది

హబ్బు అంటే చక్రం బిగించే మధ్య భాగం. అది స్టబ్ యాక్సిల్ అనే, చక్రంతో తిరగని బోలు ఇరుసు మీద తిరుగుతుంది. హబ్బులో రెండు టేపర్ రోలర్ బేరింగులు ఎదురెదురుగా కూర్చుంటాయి. రోలర్లు, వాటిని పట్టి ఉంచే కేజ్, లోపలి రింగు కలిసిన ముక్కను కోన్ అంటారు. హబ్బులో దిగగొట్టిన బయటి రింగు కప్పు. రోలర్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఇవి బండి బరువునూ, మలుపులో పక్కకు తోసే బలాన్నీ రెండింటినీ మోస్తాయి. హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంటు తీసుకున్నది గుర్రబ్బండ్ల కోసమే. ఇప్పటికీ రూపం అదే. ఈ జీపులో లోపలి బేరింగు, బయటి బేరింగు రెండూ ఒకే నంబరు: కోన్ 18590, కప్పు 18520. లోపలి వ్యాసం 1.625 అంగుళాలు, అంటే 41.275 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 2.875 అంగుళాలు, 73.025 మిల్లీమీటర్లు. ఒక చక్రానికి రెండు సెట్లు, రెండు చక్రాలకు నాలుగు. దుకాణంలో అడగడానికి ఇంతకంటే సుఖం లేదు.

ముందు జబ్బు ఎక్కడుందో తేల్చండి

చక్రం ఊగితే చాలు, బేరింగు పోయిందని తీర్పు చెప్పేస్తారు. ఈ జీపులో ఊగడానికి ఇంకో చోటు కూడా ఉంది, స్టీరింగు తిప్పితే చక్రం పక్కకు తిరిగే కీలు. అది కింగ్‌పిన్. రెండింటినీ వేరు చెయ్యడానికి మనిషి సాయం కావాలి. ముందు చక్రాన్ని జాకీతో లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి. ఊగుతుంటే ఇంకొకరిని బ్రేకు పెడల్ గట్టిగా తొక్కమనండి. తొక్కగానే ఊగుడు పోతే అది చక్రం బేరింగు. తొక్కినా ఊగుతూనే ఉంటే కింగ్‌పిన్. నాకు తెలిసిన ఒకాయన రెండుసార్లు బేరింగులు మార్పించుకున్నాడు. ఈ చిన్న పరీక్ష మాత్రం ఎవరూ చెయ్యలేదు. రోగం కింగ్‌పిన్ది.

శబ్దం కూడా చెబుతుంది. 40 దాటాక హూంమని గొంతు మూసుకుని పాడినట్టు మోత వచ్చి, స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పితే పెరిగితే కుడి చక్రాన్ని అనుమానించండి. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడుతుంది. ముళ్ళ టైర్లు వేసుకున్నవాళ్ళకు ఈ చెవి పరీక్ష పనికిరాదు, ఆ టైర్ల మోతే సరిపోతుంది.

కావలసినవి

జాకీ, బరువు మోసే స్టాండ్లు, వెనక చక్రాలకు ముందూ వెనకా పెట్టే దిమ్మెలు. ఈ జీపు హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టె) వెనక షాఫ్టు మీద పనిచేస్తుంది. వెనక చక్రం ఒక్కటి గాల్లో ఉంటే అది బండిని ఆపదు. అందుకే దిమ్మెలు తప్పనిసరి. ఇటుకలు మాత్రం వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

హబ్ నట్టు కోసం రెండు అంగుళాల అర నూలు బాక్స్ పానా కావాలి. అంటే 2 1/16 అంగుళాలు, 52.4 మిల్లీమీటర్లు. గొట్టం కోసి చేసిన పల్చటి పానా లేత్ షాపుల్లో దొరుకుతుంది, బాగానే పనిచేస్తుంది. ఇది లేకుండా పని మొదలుపెట్టొద్దు. చాలా షెడ్లలో ఈ నట్టును చీజిల్ పెట్టి సుత్తితో కొట్టి తిప్పుతారు. నేను కొన్నప్పుడు నా బండి నట్లు కుక్క కొరికినట్టు ఉన్నాయి. చీజిల్‌తో తిప్పితే ఎంత బిగిసిందో చేతికి తెలియదు. ఈ పని మొత్తం చేతికి తెలియడం మీదే నడుస్తుంది.

ఇవి కాక ఇత్తడి కడ్డీ, స్నాప్ రింగు ప్లయర్, కిరసనాయిలు, పీచు రాని పాత నూలు గుడ్డలు, కొత్త ఆయిల్ సీళ్ళు, కొత్త లాక్ వాషర్లు, గ్యాస్కెట్ కాగితం, గ్రీజు.

విప్పడం

బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు కొంచెం వదులు చెయ్యండి. పాత విల్లీస్ పద్ధతి బళ్ళలో ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర ఉంటుంది. నట్టు మీదో స్టడ్ చివరో ఎల్ అనే అక్షరం ఉంటే అది ఉల్టా తిరుగుతుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక గొట్టం వేసి తొక్కి స్టడ్ విరగ్గొట్టినవాళ్ళు చాలామంది. తర్వాత బండిని లేపి స్టాండ్ల మీద పెట్టి చక్రం తీసెయ్యండి.

మధ్యలోని హబ్ క్యాప్ తట్టి తీయండి. లోపల యాక్సిల్ షాఫ్టు చివర స్నాప్ రింగో, చీల వేసిన నట్టో కనిపిస్తుంది. అది తీశాక డ్రైవ్ ఫ్లాంజి (షాఫ్టును హబ్బుకు కలిపే బిళ్ళ) ఆరు బోల్టులు విప్పి, ఫ్లాంజిని చెక్క సుత్తితో పక్కలనుంచి తట్టి వదులు చేసి లాగండి. ఫ్లాంజి వెనక పల్చటి రేకు షిమ్ములు ఉంటే ఎన్నున్నాయో లెక్కపెట్టి, అన్నీ ఒక తీగకు గుచ్చి పక్కన పెట్టండి. అవి మళ్ళీ అదే లెక్కలో వెళ్ళాలి.

ఇప్పుడు పెద్ద నట్లు రెండు కనిపిస్తాయి, వాటి మధ్య అంచు మడిచిన లాక్ వాషరు. మడతను చీజిల్‌తో నిదానంగా విప్పి బయటి నట్టు, వాషరు, లోపలి నట్టు వరసగా తీయండి. ఏది ఎటు తిరిగి ఉందో ఫోనులో ఫోటో తీసుకోండి. రేపు సాయంత్రానికి మీకు గుర్తుండదు.

చాలా బళ్ళలో డ్రమ్ము హబ్బుతో కలిసే వస్తుంది. రాకపోతే లాగి కుస్తీ పట్టొద్దు. బ్రేకు షూలు డ్రమ్ము లోపలి గట్టుకు తట్టుకుని ఉంటాయి, వెనక ప్లేటు మీది అడ్జస్టర్లు వదిలితే వస్తుంది. బయటి కోన్ జారి కింద పడకుండా బొటనవేలు అడ్డం పెట్టండి. డ్రమ్ము బయట ఉండగా ఎవరూ బ్రేకు తొక్కకూడదు. లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యండి.

కడిగి చూడటం

పాత గ్రీజంతా తీసి కోన్లు, కప్పులు, హబ్బు లోపల, స్టబ్ యాక్సిల్ అన్నీ కిరసనాయిలుతో కడగండి. కడిగిన కోన్‌ను కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పే సరదా మెకానిక్ షెడ్డు పిల్లలందరికీ ఉంటుంది. గ్రీజు లేని బేరింగు ఆ వేగానికి గీరుకుపోతుంది, కేజ్ విడిపోతే రోలర్లు కళ్ళలోకి వస్తాయి. గుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వండి.

తర్వాత వెలుతురులోకి పట్టుకెళ్ళి నిదానంగా చూడండి. రోలర్ల మీద, కప్పు లోపల బూడిదరంగు నునుపుగా, మెరుపు తగ్గి ఉంటే అది వాడకం మాత్రమే, ఫర్వాలేదు. గోరు పెడితే తగిలే గుంటలు, గోడ సున్నం పెచ్చులూడినట్టు ఊడిన చోట్లు ఉంటే ఆ బేరింగు అయిపోయింది. కప్పులో రోలర్ల ఎడంతో సమానంగా అడ్డగీతలు పడి ఉంటే ఏదో గుంటలో గట్టి దెబ్బ తగిలిందన్నమాట. నీలం రంగు తిరిగితే వేడికి ఉక్కు గట్టిదనం పోయినట్టు. నా మారేడుమిల్లి బేరింగు ముదురు బెల్లం రంగులో మొదలై అంచుల్లో నీలంగా ఉంది. వాననీళ్ళు, కాలవ నీళ్ళు చేరితే రోలర్లు ఆగిన చోటల్లా నల్లటి చారలు, వాటిలో తుప్పు గుంటలు కనిపిస్తాయి.

కోన్ పోతే కప్పు కూడా మార్చాలి. రెండూ ఒకదానితో ఒకటి అరిగి జత కుదిరిన వస్తువులు. కప్పు బాగానే ఉంది కదా అని కొత్త కోన్‌ను పాత కప్పులో తిప్పితే కొత్తది త్వరగా పాడవుతుంది.

స్టబ్ యాక్సిల్ మీద కోన్ చేత్తో నెడితే జారాలి. అడ్డుపడితే మర దగ్గరో, అరిగిన మెట్టు దగ్గరో గరుకుదనం ఉంటుంది, సన్నని ఆకురాయితో నునుపు చెయ్యండి. హబ్బులో కప్పు చేత్తోనే తిరుగుతుంటే మాత్రం కథ వేరు. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించే చిట్కా ఒకటుంది, అది నాలుగు నెలల మందు. హబ్బు మార్చడమే దారి.

పాత కప్పులు తీసి కొత్తవి దింపడం

హబ్బు లోపలినుంచి ఇత్తడి కడ్డీని కప్పు వెనక అంచుకు ఆనించి, ఒకసారి ఇటు, ఒకసారి దానికి ఎదురుగా అటు, మార్చి మార్చి కొట్టండి. ఒక్క చోటే కొడితే కప్పు అడ్డం తిరిగి హబ్బు గోడను గీరుతుంది.

కొత్త కప్పుల్ని కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్ పై అరలో పెట్టండి. హబ్బును మధ్యాహ్నం ఎండలో ఉంచండి. మన ఎండలు ఒక్కోసారి ఇలా కూడా పనికొస్తాయి. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి పెట్టడం మంచిది. చల్లటి కప్పు వేడి హబ్బులోకి సగం దాకా తనే దిగుతుంది. మిగతా సగానికి పాత కప్పును వాడండి. గ్రైండరుతో దాని బయటి వైపు కొంచెం అరగదీసి, కొత్తదాని మీద తిరగేసి పెట్టి, దాని మీద కొట్టాలి. సుత్తి దెబ్బ కొత్త కప్పుకు నేరుగా తగలకూడదు. ఏటవాలు వెడల్పు వైపు హబ్బు బయటికి చూడాలి. కొట్టేముందు ఇది రెండుసార్లు చూసుకోండి.

దిగుతున్నంతసేపూ దెబ్బ మెత్తగా, చెక్క మీద కొట్టినట్టు వినిపిస్తుంది. అడుగుకు ఆనగానే శబ్దం ఠంగుమని గట్టిపడుతుంది. ఆ మార్పు విన్నాక ఇంకో రెండు దెబ్బలు వేసి ఆపండి. టార్చి వేసి కప్పు వెనక సందులోంచి వెలుతురు వస్తుందేమో చూడండి. వస్తే పూర్తిగా కూర్చోలేదు. ఇక్కడ మిగిలిన సన్నటి సందు నెల తర్వాత చక్రం ప్లేగా బయటికొస్తుంది.

గ్రీజు

చక్రాల బేరింగులకని చెప్పి, వేడికి తట్టుకునే లిథియం గ్రీజు తీసుకోండి. గట్టిదనంలో ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు మన ఎండలకు సరిపోతుంది, 3 అయినా మంచిదే. ఛాసిస్ పాయింట్లకు కొట్టే నల్ల గ్రీజు ఇక్కడికి వద్దు. పాత గ్రీజు మీద కొత్త రకం కలపొద్దు. రెండు రకాలు కలిసి పల్చబడి డ్రమ్ములోకి కారిన బళ్ళు చూశాను.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. చేతి చెమట చాలు, ఉక్కు మీద తుప్పు మొదలవడానికి. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, కోన్ వెడల్పు అంచును ఆ గ్రీజులోకి నొక్కుతూ అరచేతి అంచు మీదికి లాగండి. మళ్ళీ నొక్కండి, మళ్ళీ లాగండి. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు రోలర్ల మధ్యలోంచి అవతలి వైపు గ్రీజు తీగలుగా రావాలి. అప్పుడు కోన్ కొంచెం తిప్పి పక్క రోలర్ల దగ్గర మొదలుపెట్టండి. ఒక కోన్‌కు ఐదు నిమిషాలు పడుతుంది. పైపైన పూసిన గ్రీజు రోలర్ల లోపలికి తనంతట తను వెళ్ళదు.

కప్పుల మీద పల్చటి పూత, హబ్బు లోపల రెండు బేరింగుల మధ్య గోడకు కొంచెం. హబ్బంతా కూరి నింపొద్దు. వేడికి అదంతా పొంగి దారి వెతుక్కుంటుంది, దానికి దొరికే దారి బ్రేకు షూలే. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎంత పెడితే అంత మంచిదనుకునే అలవాటు మనకు ఉంది కానీ ఎడ్లబండికి డ్రమ్ము బ్రేకులు లేవు.

ఇలాంటి జీపులకు వర్తించే మాట ఇంకోటి. స్టీరింగు నకిల్ గుండులో (ఇరుసు చివర చక్రం తిరిగే కీలును మూసి ఉంచే గుండ్రటి గూడు) పల్చటి గేరు ఆయిలు ఎక్కువ పోస్తే అది షాఫ్టు వెంట హబ్బులోకి వచ్చి బేరింగు గ్రీజును కడిగేస్తుంది. విప్పినప్పుడు గ్రీజు పాలమీగడలా కాకుండా పులుసులా ఉంటే దొంగ అక్కడున్నాడని అర్థం.

సీలు, హబ్బు ఎక్కించడం

లోపలి కోన్ పెట్టి, దాని వెనక కొత్త సీలును చదునైన చెక్కముక్క అడ్డంపెట్టి సమంగా దింపండి. పెదవి గ్రీజు వైపు, అంటే హబ్బు లోపలికి ఉండాలి. తోలు సీలయితే ముందుగా కాసేపు ఇంజనాయిల్లో నానబెట్టాలి. స్టబ్ యాక్సిల్ మీద సీలు కూర్చునే చోట తుప్పు ఉంటే రుద్ది తీసి చుక్క గ్రీజు రాయండి. హబ్బును నిటారుగా పట్టి తిన్నగా నెట్టండి, మర అంచుకు సీలు గీసుకుంటే మళ్ళీ మొదటికే. ఆపైన బయటి కోన్, దాని మీద వేరే వాషరు ఉండి ఉంటే అది, లోపలి నట్టు, ఫోటోలో చూసిన వరసలో.

బిగించడం

ముందు బ్రేకు అడ్జస్టర్లు పూర్తిగా వదలండి. షూ రాసుకుంటుంటే బేరింగు ఎంత బిగిసిందో మీ చేతికి తెలియదు. డ్రైవ్ ఫ్లాంజి ఇంకా వెయ్యలేదు కదా, అది కావాలనే. ఫ్లాంజి వేస్తే చక్రంతో పాటు షాఫ్టు, డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ తిరుగుతాయి, వాటి బరువు చేతికి అడ్డుపడుతుంది. చక్రాన్ని మాత్రం రెండు నట్లతో తగిలించండి. టైరు పెద్దది కాబట్టి చిన్న ఊగుడును కూడా పెంచి చూపిస్తుంది.

ఇప్పుడు ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో లోపలి నట్టు బిగించండి. ఆగిన చక్రం మీద బిగిస్తే రోలర్లు కొంచెం వంకరగా ఇరుక్కుని బిగిసినట్టు నటిస్తాయి. తిరుగుతుంటే తమ చోటుకు సర్దుకుంటాయి. ముందుకు నాలుగు చుట్లు, వెనక్కి నాలుగు చుట్లు తిప్పండి. చక్రం బరువుగా, పట్టి ఆపినట్టు తిరిగే దాకా బిగించండి. విల్లీస్ మాన్యువల్ చెప్పే పద్ధతి ఇదే: చక్రం పట్టేదాకా బిగించి, ఆపైన ఆరోవంతు చుట్టు వెనక్కి వదలడం. నట్టుకు ఆరు పలకలు. ఆరోవంతు చుట్టంటే సరిగ్గా ఒక పలక. సుద్దముక్కతో ఒక పలక మీదా, దానికెదురుగా హబ్బు మీదా గీత పెట్టుకుంటే లెక్క తప్పదు.

వదిలాక చక్రం మళ్ళీ తిప్పండి. ఒక్క తోపుతో తేలిగ్గా, గరగర లేకుండా తిరగాలి. పైనా కిందా పట్టి ఊపితే కంటికి కనిపించే ఊగుడు ఉండకూడదు, వేళ్ళకు మాత్రం టిక్కుమని ఒక చిన్న కదలిక తెలియాలి. సన్నటి కదలికను కొలిచే డయల్ గేజి ఉంటే దాని సూదిని హబ్బు ముఖానికి ఆనించి, హబ్బును లోపలికీ బయటికీ లాగి చూడండి. 1 నుంచి 5 వెయ్యోవంతు అంగుళం, అంటే 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు. ఎక్కువుంటే నట్టును పలకలో పావువంతు చొప్పున బిగిస్తూ చూడండి. చక్రం ఇంకా బరువుగా తిరుగుతుంటే అంతే చొప్పున వదలండి.

కొంచెం వదులు ఎందుకంటే బ్రేకు వేడికి అన్నీ వ్యాకోచిస్తాయి, ఏటవాలు బేరింగులో ఆ సందు మూసుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడే సందు లేకపోతే ఘాట్ మధ్యలో రోలర్లు కప్పును నలుపుతాయి. వేడి పెరిగేకొద్దీ బిగుతు, బిగుతు పెరిగేకొద్దీ వేడి. మరీ వదులైతే బరువు రెండు మూడు రోలర్ల మీదే పడుతుంది, డ్రమ్ము ఊగి బ్రేకు పెడల్ అడుగుకు పోతుంది. కానీ వదులు బేరింగు వారాల ముందే మోత పెట్టి చెబుతుంది. బిగుతు బేరింగు నాకు 80 కిలోమీటర్లే టైమిచ్చింది.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. లాక్ వాషరు పెట్టి బయటి నట్టు బిగించగానే అది లోపలి నట్టును మరలో ఉన్న సన్నటి సందు మేరకు లోపలికి తోస్తుంది. అంతసేపూ కష్టపడి పెట్టిన ప్లే కొంత పోతుంది. కాబట్టి బయటి నట్టు పూర్తిగా బిగించాక మళ్ళీ తిప్పి, మళ్ళీ ఊపి చూడాలి. బిగుసుకుంటే రెండూ విప్పి లోపలిదాన్ని ఇంకాస్త వదిలి మళ్ళీ బిగించాలి. నాకు సాధారణంగా మూడోసారికి కుదురుతుంది. కుదిరాకే వాషరు అంచును నట్టు పలక మీదికి మడవండి. ఒకసారి మడిచి విప్పిన పాత వాషరు అంచు ఎప్పుడో విరుగుతుంది, కొత్తదే వాడండి.

మూసెయ్యడం, తిప్పి చూడటం

గ్యాస్కెట్టు, లెక్కపెట్టిన షిమ్ములు, ఫ్లాంజి, ఆరు బోల్టులు ఎదురెదురుగా, స్నాప్ రింగు, క్యాప్. బ్రేకు అడ్జస్టర్లు మళ్ళీ సరిచెయ్యండి. ఇది మర్చిపోయి రోడ్డెక్కితే మొదటి కూడలిలోనే గుర్తొస్తుంది. చక్రం నట్లు బండి దించాక పూర్తిగా బిగించండి.

పది పదిహేను కిలోమీటర్లు చదునైన రోడ్డు మీద, బ్రేకు ఎక్కువ వాడకుండా నడపండి. ఆపి ముందుగా వేలి వెనక వైపు దగ్గరగా పెట్టి, తర్వాత హబ్బు మధ్యలో చెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే సరే. నాలుగు అంకెలు లెక్కపెట్టే దాకా చెయ్యి ఉంచలేకపోతే, లేదా రెండు పక్కలకూ వేడిలో బాగా తేడా ఉంటే, ఇంటికెళ్ళి ఆ నట్టు కాస్త వదలండి. డ్రమ్ము అంచు ముట్టుకోకండి, అది బ్రేకు వేడి.

కొత్త కప్పులు వేసినప్పుడు 200 కిలోమీటర్ల తర్వాత ఒకసారి లేపి ఊపి చూడాలి. గ్రీజు మార్చడం నేను ఏటా వానలు వెనకబడ్డాక పెట్టుకుంటాను. హబ్బు మునిగేలా నీళ్ళలో దిగిన బండయితే సీజను దాకా ఆగొద్దు, ఆ వారమే విప్పండి. ఇంకోటి: బాడీకి వెల్డింగు చేయించేటప్పుడు ఎర్తు క్లాంపు వెల్డింగు పక్కనే పెట్టమని నిలబడి చెప్పండి. చక్రానికి తగిలిస్తే కరెంటు రోలర్ల గుండా పోయి చుక్కలు చుక్కలుగా కాల్చేస్తుంది.

నా బండి బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో తేదీ, మీటరు రీడింగు, కుడి ఎడమల ప్లే రాసి ఉంటాయి. మారేడుమిల్లి తర్వాత కుడి వైపు 3 వెయ్యోవంతులు పెట్టాను. నిరుడు చూస్తే 4 ఉంది. నట్టు ముట్టుకోలేదు.